కడ్డీకి పట్టిన మైనం

పిన్ని కథ చెప్పాలంటే ముందు ఆమెకు అంటగట్టిన పేరు చెప్పాలి. అది నా నోటితో పలకడం నాకు ఇష్టం లేదు, కానీ తప్పదు. నిద్రమొహం. మా తేనె షెడ్డులో యజమాని దగ్గర్నుంచి గేటు కాపలావాడి దాకా అందరూ ఆమెను అలాగే పిలిచేవాళ్ళు. "ఆ నిద్రమొహాన్ని ఇలా రమ్మను" అని ఒకరు, "నిద్రమొహం బల్ల తుడిచిందా?" అని ఇంకొకరు. పనిలో చేరిన కొత్తలో అది ఆమె అసలు పేరేమో అనుకుని, ఏ తల్లి పెట్టిందో పాపం అని జాలిపడ్డాను. తీరా చూస్తే షెడ్డు మొత్తానికి ఆమెకన్నా మెలకువైన మనిషి లేదు. కిటికీ మీద ఈగ వాలినా తల తిప్పి చూసేది.

నేనూ ఆమే ఒకే బల్ల దగ్గర కూర్చుని చట్రాలు గీకేవాళ్ళం. తేనె తీసేశాక ఖాళీ చెక్క చట్రాల అంచులకు మైనమూ జిగురూ పట్టుకుని ఉంటాయి. వాటిని చిన్న కత్తితో గీకి శుభ్రం చెయ్యాలి. అంతకన్నా చిన్న పని ఆ షెడ్డులో లేదు. ఆమె అక్క కూతురు ఆమెను పిన్నీ అనేది, నేనూ ఆ పిల్ల వరసే పట్టుకుని పిన్నీ అనేదాన్ని. ఆమెను ఆ దిక్కుమాలిన పేరుతో పిలవనిది మేమిద్దరమే.

మా బల్లకు ఎదురుగా మిషను ఉండేది. తేనెపట్టులో ప్రతి గదికీ తేనెటీగలు పల్చటి మైనపు మూత వేస్తాయి. ఆ మూతలు కోస్తే తప్ప తేనె బయటికి రాదు. కోసిన మూతలకూ బోలెడంత తేనె అంటుకుని ఉంటుంది, దాన్ని పారెయ్యడానికి ఎవరికి మనసొప్పుతుంది? అందుకని ఆ మూతలన్నీ మిషనులో పోస్తారు. అది రెండు గోడల స్టీలు ట్యాంకు, గోడల మధ్య వేడినీళ్ళు. లోపల మైనం కరిగి పైకి తేలుతుంది, తేనె అడుగుకు దిగుతుంది. పై గొట్టంలోంచి మైనం, కింది కుళాయిలోంచి తేనె. ముందువైపు నిలువుగా ఒక అద్దం పట్టీ, అందులో పైన పసుపు, కింద ముదురు రంగు, రెంటి మధ్య ఒక గీత. ఆ గీత మరీ కిందికి జారితే మైనం తేనె గొట్టంలోకి పోయి గడ్డకడుతుంది, ఇక గొట్టాలన్నీ ఊడదీసి పొడుచుకుంటూ కూర్చోవాలి. వేడి ఎక్కువైతే తేనె మాడుతుంది. మాడిన తేనెను బాగుచేసే విద్య ఎవరి దగ్గరా లేదు.

ఒకప్పుడు ఆ మిషను పిన్ని చేతిలో ఉండేది. దాని గుట్టు ఆమెకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. ట్యాంకు లోపలికి వేడి కొలిచే కడ్డీ ఒకటి దిగి ఉంటుంది, అది చెప్పినట్టు బయట ముల్లు తిరుగుతుంది. చలికి చిక్కబడ్డ తేనె వచ్చిన రోజుల్లో కరగని మైనపు ముద్దలు ఆ కడ్డీ చుట్టూ చేరి దుప్పటి కప్పినట్టు కప్పేస్తాయి. అప్పుడు ముల్లు తక్కువ చూపిస్తుంది. వేడి చాలలేదనుకుని రెగ్యులేటర్ తిప్పామా, అంతే. గోడ పక్కన తేనె కుతకుతలాడుతూ ఉంటుంది, ముల్లు మాత్రం ఏమీ ఎరగనట్టు కిందే నిలబడుతుంది. ఒకసారి ట్యాంకు గోడ చురుక్కుమనిపించి, ముల్లు కిందే ఉండటం చూసి, పిన్ని తనంతట తానే ఈ సంగతి పట్టుకుంది. అప్పటినుంచి ట్యాంకు మూత తీసి చెక్క గరిటెతో కడ్డీని తుడుస్తూ ఉండేది. ఎందుకని ఎవరూ అడగలేదు, ఆమె చెప్పనూ లేదు. నాకు చెప్పింది కూడా ఈ కథంతా అయిపోయాకే.

షెడ్డు సూపర్వైజరు పిన్నికి స్వయానా బావ, అక్క మొగుడు. ఆయనకు ముక్కు మీద కోపం, కాళ్ళల్లో తొందర. చలికి తేనె చిక్కబడ్డ ఒక రోజు పిన్ని చేతులు కడుక్కోవడానికి పెరట్లో పంపు దగ్గరికి వెళ్ళింది. ఈయన అటుగా వచ్చి ముల్లు చూశాడు. కింద ఉంది. సరుకు తొందరగా పంపెయ్యాలి కదా అని రెగ్యులేటర్ ఒక్క తిప్పు తిప్పి తన దారిన తను పోయాడు. పంపు దగ్గర్నుంచి కిటికీలో ఆ చెయ్యి పిన్ని కళ్ళారా చూసింది. బావే కదా, ఏం చూసుకుంటున్నాడో అనుకుని తీరిగ్గా చేతులు కడుక్కుంది. తిరిగొచ్చేసరికి మాడు వాసన షెడ్డంతా కమ్ముకుని ఉంది. ఆ ఏటికల్లా మేలైన తేనె నల్లగా కషాయంలా కుళాయిలోంచి కారుతోంది.

యజమాని అగ్గి మీద గుగ్గిలమైపోయాడు. "ఎవరు చేశారీ పని?" అని అరిచాడు. బావగారు తడుముకోలేదు. "నేనొచ్చి చూసేసరికి మా మరదలు గోడకానుకుని గుర్రు పెడుతోందండీ" అన్నాడు.

పిన్ని నోరు తెరవబోయింది. గుమ్మం దగ్గర నిండు కడుపుతో నిలబడ్డ అక్క గబగబా వచ్చి ఆమె మణికట్టు పట్టుకుంది.

"నీకు దణ్ణం పెడతానే, నోరెత్తకు. ఆయన పని పోతే మేం ఉంటున్న గది పోతుంది. ఈ కడుపుతో నేనెక్కడికి పోను? నీకేం, ఒంటిదానివి. ఒక మాట పడితే పోయేదేముంది?"

పిన్ని నోరు మూసుకుంది. కడుపులో ఉన్న బిడ్డ మొహం చూసి ఊరుకున్నానని నాతో అంది. బిడ్డ మొహం ఎవరూ ఇంకా చూడనే లేదు, అది వేరే సంగతి. నాలుగు రోజులు నవ్వుకుని మర్చిపోతారులే అనుకుంది. మర్చిపోలేదు. మిషను దగ్గర్నుంచి లేపి చట్రాల బల్ల దగ్గర కూర్చోబెట్టారు. పేరు ఒంటికి అంటుకుపోయింది. లారీ తోలే అతనొకడు ఆమెను ఇష్టపడి పెళ్ళి మాటలదాకా వచ్చాడట. అతని తల్లి షెడ్డులో వాకబు చేసింది. "మనిషి మంచిదేనమ్మా, కాకపోతే పొయ్యి మీద గిన్నె పెట్టి నిద్రపోయే రకం" అని ఎవడో నోటిదురద తీర్చుకున్నాడు. ఆ లారీ మళ్ళీ మా షెడ్డుకు రాలేదు.

ఆ తర్వాత పిన్ని పగ మీదే బతికిందంటే నేను అబద్ధమాడినట్టు కాదు. అక్క కుటుంబం షెడ్డు వెనక గదుల్లో, పిన్ని ఆ పక్క గదిలో. మధ్య గోడ ఎంత పలచనంటే బావ దగ్గితే ఇటు వినపడేది. ఆ దగ్గు వినపడ్డప్పుడల్లా పళ్ళు నూరేది. చిన్న చిన్న కక్షలు తీర్చుకునేది కూడా. బావ చెప్పులు గుమ్మం బయట విడిస్తే, అటుగా వెళ్తూ రెండు చుక్కల తేనె అందులో వదిలేది. ఇంతింత ఎర్రచీమలు బారులు తీరేవి. "ఈ చీమలకు నా చెప్పులే దొరికాయా?" అని ఆయన ఒంటికాలి మీద గెంతుతుంటే పిన్ని మొహంలో చిన్న కదలిక కూడా ఉండేది కాదు. నేను మాత్రం నవ్వాపుకోలేక బల్ల కింద దూరేదాన్ని. ఏళ్ళ తరబడి ఆ మనిషి చీమల మందు చల్లుకుంటూనే బతికాడు.

అయితే అసలు కోరిక అది కాదు. "అందరి ముందూ, ఈ షెడ్డులోనే, వేడి నేనే పెంచాను అని వాడి నోటితో వాడు అనాలి. అది విన్నాకే నేను చస్తాను" అనేది. బావను వాడు అనడం నా దగ్గర మాత్రమే.

ఇంత పగలోనూ ఆ కడుపున పుట్టిన పిల్లను మాత్రం కళ్ళల్లో పెట్టుకుని పెంచింది. తల్లి కసురుకుంటే పిల్ల పిన్ని గదిలోకి వచ్చి పడుకునేది. నమలడానికి తేనె అంటిన మైనపు ముక్క, దువ్వుకోవడానికి పిన్ని దువ్వెన, ఏడవడానికి పిన్ని ఒడి. తండ్రి మీది కోపం పిల్ల మీద చూపించిన పాపాన పోలేదు. ఆ మాటకొస్తే ఆ పిల్ల కోసం పడ్డ మాటే కదా అది.

పిన్నిని తప్పించాక మిషను బావే నడిపాడు. మాడిన తేనె భయం ఆయనకూ పట్టుకుంది. చిక్కటి తేనె వచ్చిందంటే మిషనులో పొయ్యనిచ్చేవాడే కాదు, ఎండ ముదిరేదాకా డబ్బాల్లోనే ఉంచేవాడు. ముల్లు ఎందుకు కిందికి దిగుతుందో ఆయనకు ఎప్పుడూ తెలియలేదు. తెలుసుకోవాలంటే అడగాల్సిన మనిషి ఒక్కతే, ఆమెను అడిగే మొహం ఆయనకు లేదు. ఈలోగా మోకాళ్ళు పట్టేశాయి. నిలబడలేక, కూతుర్ని మిషను మీద పెడతానని యజమానిని ఒప్పించాడు.

పిల్లకు పని నేర్పిన రోజు నేనక్కడే ఉన్నాను. షెడ్డంతా పని ఆపి చూస్తోంది. అక్క కూడా వచ్చి కూతుర్ని మురిపెంగా చూసుకుంటోంది. బావ ముల్లు చూపించాడు, దాని పక్కనున్న ఎర్ర గీత చూపించాడు.

"ముల్లు ఈ గీత మీదే నిలబడాలి. దిగితే పెంచు, ఎక్కితే తగ్గించు. ఇంకేం లేదు. ఒళ్ళు దగ్గర పెట్టుకుని చెయ్యి. మీ పిన్నిలా గుర్రు పెట్టావంటే మన పరువు పోతుంది."

అందరూ నవ్వారు. అది మామూలే. కానీ అక్క కూడా నవ్వింది. మణికట్టు పట్టుకుని దణ్ణం పెట్టిన ఆ అక్కే, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "అవునే తల్లీ, ఇంటికొక నిద్రమొహం చాలు" అంది. అంతకుముందు ఎంతమంది ఎన్ని అన్నా పిన్ని కత్తి ఆగేది కాదు. అప్పుడు ఆగింది. నావైపు చూడకుండానే, "విన్నావా?" అంది. విన్నానన్నాను. నాకే కడుపు రగిలిపోయింది, ఆమెకెలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

చలి మొదలైంది. ఎత్తు మీది తోటల నుంచి చిక్కటి తేనె వచ్చింది, ఆ ఏటికి అదే మొదటి సరుకు, మంచి ధర పలికే సరుకు. బేరగాడు వస్తున్నాడని యజమాని తొందరపెట్టాడు. బావ ఆగుదామనలేకపోయాడు, కూతురి పనితనం చూపించుకోవాలని కూడా ఉన్నట్టుంది. పొద్దున్నే మూతలు మిషనులో పోశారు. బావ లారీ దగ్గరికి వెళ్ళాడు. కాసేపటికి పిల్ల మా బల్ల దగ్గరికొచ్చింది.

"పిన్నీ, ముల్లు ఊరికే దిగిపోతోంది. పెంచనా?"

"మీ నాన్న ఏం చెప్పాడు?"

"గీత మీదే నిలబెట్టమన్నాడు."

"అయితే నిలబెట్టు."

పిల్ల వెళ్ళి రెగ్యులేటర్ తిప్పింది. పిన్ని మళ్ళీ గీకడం మొదలెట్టింది. చట్రం మీద మైనం ఎప్పుడో అయిపోయింది, చెక్క పొట్టు లేస్తోంది, అయినా గీకుతూనే ఉంది. "పిన్నీ, అది శుభ్రమైపోయింది" అన్నాను. వినిపించుకోలేదు. ఆమె చూపు మిషను మీద ఉంది. పిల్ల మరోసారి వచ్చి, "ఎంత పెంచినా ఎక్కట్లేదు పిన్నీ, భయంగా ఉంది, ఒకసారి వచ్చి చూడవా?" అంది.

ఒక్క మాట చాలు, లేచి రెండడుగులు వేస్తే చాలు. పిన్ని పెదవి కొరుక్కుంది. ఆ క్షణం ఆమె లేస్తుందనే నాకనిపించింది. "నేను మిషను ముట్టుకోకూడదు కదే. మీ నాన్న ఊరుకోడు" అంది.

పిల్ల మళ్ళీ తిప్పింది.

ముందు నా ముక్కుకే తగిలింది ఆ వాసన. పంచదార మాడినట్టు, ఇంకా ఘాటుగా. కుళాయి కింద ధార నల్లబడింది. పిల్ల కెవ్వుమంది. పిన్ని కత్తి బల్ల మీద పెట్టి, నాకు మాత్రమే వినపడేలా, "ఇప్పుడు చూడు. కూతురు గుర్రు పెట్టిందని చెప్తాడా, ఏం చెప్తాడో చూడు" అంది. ఆమె కళ్ళు మెరుస్తున్నాయి. అప్పుడే నాకు అంతా అర్థమైంది. భయమేసింది. దాచడమెందుకు, లోపల ఒక మూల సంబరంగా కూడా ఉంది.

యజమాని ఒకవైపు నుంచి, బావ కుంటుకుంటూ ఇంకోవైపు నుంచి వచ్చారు. వెనకాలే అక్క. పనివాళ్ళందరూ మూగారు.

"ఎవరు పెంచారు వేడి?" యజమాని గొంతు పైకప్పుకు తగిలింది.

పిల్ల నోరు తెరిచింది. మాట బయటికి రాకముందే బావ ఆ పిల్లకు అడ్డంగా వచ్చి నిలబడ్డాడు.

"నేనేనండీ. పిల్ల తప్పేం లేదు. తొందరలో వేడి నేనే పెంచాను."

ఆ మాట కోసమే పిన్ని ఇన్నేళ్ళు బతికింది. అక్షరం పొల్లుపోకుండా అదే మాట. అందరి ముందూ, ఆ షెడ్డులోనే, ఆ నోటితోనే వచ్చింది. అబద్ధంగా వచ్చింది.

పిన్ని నవ్వింది. బల్ల మీద చెయ్యి ఆనించి లేచి, ఆ నవ్వు ఆపకుండానే మిషను దగ్గరికి నడిచింది.

"ఎంత సులువుగా వచ్చింది బావా! ఒక్క గుటక కూడా మింగలేదు. ఈ మాట నీ నోట్లో ఉందని తెలియక నేనే మోసపోయాను. అప్పుడేమైంది ఇది? అప్పుడు నువ్వు అడ్డం నిలబడాల్సింది కూతురికి కాదు, మరదలికి. అంతేనా?"

"ఇప్పుడవన్నీ ఎందుకు?" అని బావ నీళ్ళు నమిలాడు.

"ఇప్పుడే కావాలి. నువ్వు లారీ దగ్గరున్నావు. పెంచింది పిల్ల. నువ్వు నేర్పినట్టే పెంచింది." పిన్ని మూత తీసి గరిటెతో కడ్డీ మీది ముద్దను లాగి పడేసింది. ముల్లు ఒక్కసారిగా ఎర్ర గీత దాటి చివరిదాకా ఎగబాకింది. చూస్తున్నవాళ్ళందరూ నోళ్ళు వెళ్ళబెట్టారు. "అప్పుడూ ఇదే. కడ్డీకి మైనం పట్టింది, నువ్వు ముల్లును నమ్మి తిప్పావు. నేను పంపు దగ్గర్నుంచి చూశాను. నీ పెళ్ళాం నా చెయ్యి పట్టుకుని బతిమాలితే నోరు మూసుకున్నాను. చెప్పు. ఎవరు తిప్పారు?"

బావ భార్య వైపు చూశాడు. ఆమె తల దించుకుంది.

"అప్పుడూ నేనే" అన్నాడు. చాలా చిన్నగా అన్నాడు, కానీ అందరికీ వినపడింది.

నాకు కడుపు చల్లబడింది. చప్పట్లు కొట్టాలనిపించింది. ఇంతలో యజమాని పిన్ని వైపు తిరిగాడు.

"కడ్డీకి మైనం పడుతుందని నీకు తెలుసు. అక్కడే కూర్చున్నావు. చూస్తూ ఊరుకున్నావా?"

"ఊరుకున్నాను. నేను నిద్రమొహాన్ని కదండీ" అంది పిన్ని.

ఎవరూ నవ్వలేదు. పిల్ల ఏడుపు ఆపి పిన్ని మొహంలోకి చూసింది. చేతి తొడుగులు విప్పి మిషను మీద పెట్టి బయటికి వెళ్ళిపోయింది.

తర్వాత జరిగింది పిన్ని కోరుకున్నట్టే జరిగింది. యజమాని తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాడు, కానీ ఆమెను పనిలోంచి పంపలేదు. మిషను ఆమెకే అప్పజెప్పాడు, ఇంకెవరికి అప్పజెపుతాడు? బావను సూపర్వైజరు కుర్చీలోంచి లేపి తెచ్చి మా బల్ల దగ్గర కూర్చోబెట్టారు. పిన్ని కూర్చున్న చోటే, నా పక్కనే. చట్రం పట్టుకోవడం కూడా చేతకాదు ఆయనకు, వేళ్ళు కోసుకునేవాడు. నేను మందిచ్చిన పాపాన పోలేదు. అక్క పిన్ని గదివైపున్న కిటికీ మూసేసింది. ఆ పాత పేరు ఆ రోజుతో ఆగిపోయింది. అందరూ ఆమెను చూస్తే పక్కకు తప్పుకునేవాళ్ళు. పిన్ని అదీ ఇష్టంగానే చూసింది. "తప్పుకోనీ. ఇన్నాళ్ళూ నా మీంచి నడిచారు" అంది. ఆమె మొహంలో అంత కళ నేనెప్పుడూ చూడలేదు.

పిల్ల షెడ్డు మానెయ్యలేదు. ఖాళీ పెట్టెలు మోసే పనిలో చేరింది. పిన్ని రోజూ ఆమె రాకకు కాచుకునేది, ఆ పిల్ల రోజూ వెనక తలుపు గుండా వచ్చి అట్నుంచే వెళ్ళేది. ఒకరోజు వెనక తలుపు తాళం పడి, మిషను పక్కనుంచే ముందు తలుపుకు పోవాల్సొచ్చింది. పిన్ని గరిటె పట్టుకుని దారిలోకి వచ్చింది.

"ఇలా రావే. కడ్డీ తుడవడం చూపిస్తాను. రెండు రోజుల్లో వచ్చేస్తుంది నీకు. నా తర్వాత ఈ మిషను నీదే."

పిల్ల పెట్టెలు కింద పెట్టలేదు. కోపంగా కూడా లేదు.

"వద్దు పిన్నీ. నువ్వు చూస్తూ ఉంటే నాకు భయం."

అని, పక్కకు తప్పుకుని వెళ్ళింది. పిన్ని ఆ పిల్ల వెళ్ళినవైపు చూసి, తర్వాత మా బల్ల వైపు చూసింది. బావ ఆ మాట విన్నాడని నాకు తెలుసు, ఆయన కత్తి ఆగింది కాబట్టి. కానీ తల ఎత్తలేదు. ఎత్తి ఒక్క నవ్వు నవ్వినా బాగుండేది, పిన్నికి తిట్టుకోవడానికి ఒక మనిషి మిగిలేవాడు.